మోగని రాళ్లు

మే నెలాఖరు, ఆదివారం

చిరంజీవి తమ్ముడు యెఫీమ్‌ను అక్క కపితొలీనా మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, క్లావా పిన్నీ క్షేమంగానే ఉన్నాం. పిన్ని మోకాలిని అడిగితే మాత్రం ఆ మాట ఒప్పుకోదు. నువ్వూ, జోయా, జోయా కడుపులో ఉన్న బుల్లి దొరగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మీ గని లారీ నడిపే రషీద్ సామాను కోసం మన ఊరు వచ్చాడు, రేపు పొద్దున్నే తిరిగి వస్తున్నాడు. అతని చేతికే ఇస్తాను. నువ్వు ఎప్పట్లాగే భోజనాల బల్ల దగ్గర జోయాకు పైకి చదివి వినిపించకు. ముందు ఒక్కడివే కూర్చుని చివరిదాకా చదువు.

పోయిన ఉత్తరంలో నన్ను బాగానే దెప్పావు. మా అక్క ఉత్తరాలు చూసి టెలిగ్రాం ఆఫీసువాళ్లు పొదుపు నేర్చుకోవాలని రాశావు. సరే, ఈసారి నీ కళ్లు నొప్పి పుట్టేలా రాస్తాను, కాచుకో.

పిన్ని మోకాలు ఎలా ఉందని అడిగావు. డాక్టరు దగ్గరికి రానంటే రానంది. దురదగొండి ఆకు వోద్కాలో నానేసి మర్దనా చేసుకుంటోంది. సగం మోకాలికి పోతుంది, సగం గొంతులోకి పోతుంది. ఏది గుణమిచ్చిందో తెలియదుగానీ నిన్న తోటలోకి తనే నడిచి వచ్చి, నేను బంగాళాదుంపలు నాటే తీరు చూసి నలుగురిలో నా పరువు తీసింది. చెర్యోముఖా చెట్లు తెల్లగా పూశాయి. పూసిన మర్నాడే ఎప్పట్లాగే చలి వచ్చి తిష్ట వేసింది. పిన్ని మళ్లీ ఉన్ని మేజోళ్లు బయటికి తీసింది. సరస్సు మీదికి బాతులు వచ్చాయి. కంచె అవతల ఈదుతుంటాయి, పట్టేవాళ్లు లేరు కనుక బాగా కొవ్వెక్కాయి. మన ఊళ్లో పుట్టినవాడివి, ఎందుకు పట్టరో నీకు చెప్పనక్కర్లేదు.

ఇక నీ కొత్త ఇంటి సంగతి. సొరంగం ముఖద్వారం కింద వాలులో ఉన్న ఆ ఇంటిని నీకిచ్చి, కాపలావాళ్లందరి మీదా నిన్ను పెద్దను చేస్తామన్నారని ఎంత మురిసిపోతూ రాశావు! పెరడు ఉంది, బావి ఉంది, ఊళ్లో అందరి పెరళ్ల కంటే ముందు ఆ పెరట్లోనే మంచు కరుగుతుంది, మార్చిలోనే ఉల్లి మొలిచింది, చుట్టుపక్కల పిల్లులన్నీ వచ్చి ఆ నేల మీదే పడుకుంటున్నాయి అని రాశావు. అది చదివి వినిపిస్తే పిన్ని చేతులు జోడించి దేవుడికి మొక్కింది. "మా ఫీమా అదృష్టవంతుడే. నేల కూడా వాడికోసం వెచ్చబడింది" అంది. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తోటలోకి వెళ్లిపోయాను.

అన్నీ అడిగి ఆఖరున అసలు ప్రశ్న అడిగావు. "అక్కా, ఆ సొరంగంలో పెట్టిన రాయి మీ చేతుల మీదుగా వచ్చిందే కదా. అది మంచిదేనా? ఇల్లు తీసుకోమంటావా, వద్దంటావా? ఒక్క మాట చెప్పు చాలు." ఆ ఉత్తరం వచ్చినప్పట్నించీ ఆ ఒక్క మాట మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. నువ్వు కొండ తొలిచిన మనిషివి. మేం ఇక్కడ ఏం చేస్తామో ఏనాడూ నీకు విడమరిచి చెప్పలేదు, చెప్పకూడదన్నారు కూడా. ఇవాళ చెబుతాను.

అణు ఇంధనం వాడేశాక ఒక మడ్డి మిగులుతుంది. దాన్ని ఊరికే పీపాల్లో పోసి ఉంచితే ఏమవుతుందో మన సరస్సును చూస్తే చాలు. అందుకని ఆ విషాన్ని టైటానియం, జిర్కోనియం పొళ్లతో కలిపి, అచ్చులో వేసి అదిమి, కొలిమిలో కాలుస్తాం. కుమ్మరి పనే అనుకో, కాకపోతే కుమ్మరి మందపాటి గాజు వెనక నిలబడతాడు. కాలాక నల్లని రాయి తయారవుతుంది. విషం అందులో గోడలో ఇటుకలా ఇరుక్కుని కూర్చుంటుంది. గాజులో కలపడం కంటే ఇదే మేలని మా పెద్దాయన వికెంతీ పావ్లొవిచ్ జీవితమంతా వాదించాడు. ఆయన నీకు తెలుసు. మా విభాగంలో అందరి పిల్లలకూ మట్టి ఈలలు చేసి ఇచ్చేవాడు. అమ్మ పోయిన ఏడు నీకూ ఒకటి ఇచ్చాడు. ఆ ఈలతో నువ్వు మా ప్రాణాలు తీశావు.

రాయి మంచిదో కాదో తేల్చడం నా పని. బొత్తాం అంత బిళ్లలు చేసి, నున్నగా అరగదీసి, మూత బిగించిన డబ్బాలో నీళ్లుపోసి, మరగడానికి కాస్త తక్కువ వేడిలో వారాల తరబడి ఉంచుతాం. తరువాత ఆ నీళ్లలోకి ఏం దిగిందో చూస్తాం. ఏమీ దిగకపోతే రాయి గట్టిది. కానీ రాయికి ముసలితనం కూడా ఉంటుంది కదా. లోపలున్న విషం రాత్రింబగళ్లు రాతి గుండెల్లో గుద్దుతూనే ఉంటుంది. వెయ్యేళ్లు గుద్దితే ఏమవుతుందో చూడటానికి మాకు వెయ్యేళ్ల ఆయువు లేదు. అందుకని కొన్ని బిళ్లల్లో మహా ఉగ్రమైన జాతి ప్లుటోనియం కలుపుతాం. అది వెయ్యేళ్ల దెబ్బలు నాలుగైదేళ్లలోనే కొట్టేస్తుంది. ఆ బిళ్లలు చీకట్లో సన్నగా వెలుగుతాయి, నక్క కళ్లలాగా. మొదట్లో నాకు అవి చూడముచ్చటగా ఉండేవి.

ఇప్పుడు మా ఆచారం ఒకటి చెప్పాలి. సంతలో పాలకుండ కొనేటప్పుడు పిన్ని ఏం చేస్తుంది? వేలితో తట్టి చూస్తుంది. ఖంగుమంటే కొంటుంది, బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తుంది. మేమూ అంతే. వికెంతీ పావ్లొవిచ్ తొలి బిళ్లను గాజు పుల్లతో తట్టినప్పుడు అది చిరుగంటలా మోగింది. ఆ రోజు మేమంతా తాగాం, పాడాం. అప్పట్నించి అదే పద్ధతి. కొలిమిలోంచి వచ్చిన బిళ్లను తట్టాలి. మోగితే అంచు మీద చిన్న గీత గీసి బీరువాలో పెట్టాలి. ఏళ్లు గడిచాక నీళ్ల పరీక్షకు తీసేటప్పుడు మళ్లీ తట్టాలి. మోగినదే నీళ్లలోకి వెళ్తుంది. మోగనిది కాల్పు చెడినది, రేకు డబ్బాలోకి పోతుంది. పగిలిన కుండలో నీళ్లుపోసి కారుతోందని ఏడవడం తెలివితక్కువతనం కాదా అని పెద్దాయన అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. ఆ మాటలో తప్పేముందో ఒక్కరికీ తోచలేదు.

మార్చిలో ముసలి బిళ్లల వంతు వచ్చింది. గాజు వెనక రబ్బరు చేతి తొడుగుల్లో చేతులు పెట్టి ఒక్కొక్కటీ తడుతున్నాను. ఒకటి మోగింది. తరువాతది మోగలేదు. ఆ తరువాతదీ మోగలేదు. చేతి అలవాటు చూడు, ఆలోచించకుండానే డబ్బాలో పడేస్తున్నాను. ఒక బిళ్ల వేళ్ల మధ్య తిరిగి దాని అంచు మీద గీత కనబడింది. నా గీతే, కాస్త వంకరగా గీస్తాను, ఎవరైనా పోల్చుకుంటారు. అంటే బీరువాలో పెట్టిన రోజున దాన్ని నేనే తట్టాను. ఆ రోజు మోగింది. మోగిన రాయి కాల్పు చెడినది ఎలా అవుతుంది? రేకు డబ్బా బోర్లించి అన్నీ చూశాను. ప్రతి దాని మీదా గీత ఉంది. అన్నీ ఉబ్బి, పులిసిన పిండిలా ఉన్నాయి. దీపం ఆర్పి చూశాను, ఒక్కటీ వెలగడం లేదు.

మేమేం చేస్తూ వచ్చామో అర్థమైందా? చావు ఇళ్లన్నీ వదిలేసి, బతికున్నవాళ్ల ఇళ్లకే వెళ్లి లెక్క రాసుకుని, ఊళ్లో అందరూ కులాసా అని చెప్పాం. అబద్ధం ఆడాలని ఎవరూ అనుకోలేదు. మట్టి పనివాళ్ల బుద్ధి అది, మోగనిదాన్ని చెయ్యి దానంతట అదే పక్కన పెడుతుంది.

మోగని రాళ్లను నీళ్లలో వేశాను. పద్ధతి ప్రకారం వెయ్యకూడదు, వేశాను. గడువు కాగానే మూత తీస్తే నీళ్ల అడుగున నల్లటి ఒండ్రు ఉంది. మోగిన బిళ్లల డబ్బాల్లో ఏనాడూ అలాంటిది చూడలేదు. నీళ్లలో విషం ఎంత ఉందో చూస్తే, మా పరికరం చెడిపోయిందనుకుని ఇంకోదాని మీద చూశాను. అదీ అదే చెప్పింది. అవి రాళ్లు కావు తమ్ముడూ, టీలో ముంచిన రస్కులు.

వికెంతీ పావ్లొవిచ్‌ను పిలిచి చూపించాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. తొడుగుల్లో చేతులు పెట్టి ఒక్కో రాయినీ తనే తట్టాడు, చెవి గాజుకు ఆనించి విన్నాడు. అన్నీ అయ్యాక కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకో రెండేళ్లు ఆగలేవా కపితొలీనా? నా గుండె సంగతి నీకు తెలుసుగా. నేను పోయాక చెప్పుకో, ఎవరికైనా చెప్పుకో" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ మనిషి నాకు కోటు తొడిగి పంపాడు, ఒక్కనాడూ మాట తూలలేదు.

"మీరు ఆగమంటే నేను ఆగుతానండీ. కానీ సొరంగంలో పెట్టినవి ఆగుతాయా?" అన్నాను.

ఇక్కడ నీకు తెలియనిది ఒకటుంది. మీ సొరంగంలో నాలుగేళ్ల కిందట పెట్టిన దిమ్మెలు మామూలువి కావు. పరీక్ష ఫలితం త్వరగా తెలియాలని వాటిలోనూ ఆ ఉగ్రజాతినే కలిపాం. నా బీరువాలో బిళ్లలు ఎంత ముసలివయ్యాయో మీ కొండలో దిమ్మెలూ అంతే ముసలివయ్యాయి. వాటిని తట్టి చూసినవాడు కూడా లేడు, అంత పెద్ద దిమ్మెను ఇనప చేతులతో ఎత్తి పెట్టడమే గొప్ప. ఆ ఉగ్రజాతి రాత్రింబగళ్లు వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ పెరట్లో మంచు ముందుగా ఎందుకు కరుగుతోందో ఇప్పుడైనా తెలిసిందా?

పెద్దాయన నిజాయితీపరుడు, ఆ మాట ఒప్పుకోవాలి. వారం తిరక్కుండా తనే సభ పిలిపించాడు. శరదృతువులో రెండో విడత దిమ్మెలు, ఈసారి రైలు నిండా, మీ కొండకు పంపడానికి అనుమతి ఇవ్వాల్సిన సభ అది. మాస్కో నుంచి నలుగురు వచ్చారు. మీ గని పెద్ద నికనోర్ ఇల్యిచ్ కూడా వచ్చాడు, కొత్త సూటు, చేతికి పెద్ద గడియారం. వికెంతీ పావ్లొవిచ్ లేచి మోగని రాళ్ల సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు. అప్పుడు ఆయనే ఇంకో మాట అన్నాడు. రాయి చివికితే చివకనివ్వండి, చివికిన రాయి ప్రమాదం కాదు, చివికిన రాయికి నీళ్లు తగిలితేనే ప్రమాదం, కొండ పొడిగా ఉన్నంతకాలం ఏ భయమూ లేదు అన్నాడు. అది అబద్ధం కాదు ఫీమా, శాస్త్రప్రకారం నూటికి నూరుపాళ్లు నిజం. తేమ తగలకపోతే అది పిండైపోయినా పెట్టెలోనే ఉంటుంది.

అందరూ నికనోర్ ఇల్యిచ్ వైపు చూశారు. ఆయన లేచి, మా కొండ ఎండు రొట్టె కంటే పొడిగా ఉందని హామీ ఇచ్చాడు. నలుగురి మొహాల్లోనూ కళ వచ్చింది. టీ తెప్పించారు. అనుమతికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండని అడిగారు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే ఇంత రాశాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ కాగితం చింపకుండా చదువు.

మే పండక్కి నువ్వొచ్చినప్పుడు పెల్మేనీ కుడుములు తింటూ ఒక కబురు చెప్పావు. "మా కొండకి పడిశం పట్టిందక్కా. రెండేళ్ల నించీ ముక్కు కారడమే. కింద బాల్చీ పెడితే పూటకే నిండిపోతోంది, ఇక మొయ్యలేక వాలులోకి చిన్న కాలవ తవ్వేశాను" అన్నావు. దాని సాక్సుల్లో ఆవపొడి వెయ్యండ్రా అని పిన్ని వైద్యం చెప్పింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. మంచు కరిగే నీళ్లే కదా, ఇలాంటి చిల్లర సంగతులు పైకి రాయొద్దని మీ నికనోర్ ఇల్యిచ్ అన్నాడని కూడా చెప్పావు. అప్పుడు నేనూ నవ్వాను. మోగని రాళ్లను అప్పటికే చూసి ఉండి కూడా నవ్వాను, ఆ రెంటినీ ముడివెయ్యడానికి నా బుర్రకు ధైర్యం చాల్లేదు.

సభలో చేతులు లేస్తుంటే నేను లేచి నిలబడ్డాను. కొండ పొడిగా లేదు, నీళ్లు కారుతున్నాయి అన్నాను. నికనోర్ ఇల్యిచ్ నవ్వాడు. అది కంచె లోపలివాళ్ల పుకారు అన్నాడు. మాస్కో నుంచి వచ్చినవాళ్లలో ఒకాయన, పెద్దమనిషే, మెల్లగా అడిగాడు.

"ఎవరు చెప్పారమ్మా మీకు?"

చెప్పకపోతే అది పుకారే. చెబితే సాక్ష్యం. నీ మొహం కళ్ల ముందు కదిలింది, జోయా మొహం కూడా.

"మా తమ్ముడండీ. యెఫీమ్ సవేల్యెవిచ్. ఆ సొరంగంలోనే పని చేస్తున్నాడు. కింద బాల్చీ పెట్టింది వాడే" అన్నాను.

ఎత్తిన చేతులు దిగాయి. నికనోర్ ఇల్యిచ్ నా వైపు తిరిగాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చిరునవ్వుతో, ఎంతో ఆప్యాయంగా అన్నాడు: "యెఫీమా? భలే మంచి కుర్రాడు. ఆ వాలులో ఇల్లు అతనికే ఇస్తున్నాంగా."

అదీ నేను చేసిన పని. నిన్ను అడగలేదు, అడిగే వ్యవధి లేదు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. సభ అయ్యాక కూడా అడిగి ఉండేదాన్ని కాదేమో. నువ్వు మా ఇంటి బల్ల దగ్గర, అక్క దగ్గర, నమ్మకంతో నవ్వుతూ అన్న మాటను తీసుకెళ్లి పదిమంది ముందు బల్ల మీద పెట్టాను. చిన్నప్పుడు నువ్వు కిటికీ పగలగొడితే నేను పగలగొట్టానని చెప్పి దెబ్బలు తిన్నదాన్నే. ఇప్పుడు నీ వీపు చూపించాను. నాకు సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. కానీ పశ్చాత్తాపం లేదు. ఉందని రాస్తే అబద్ధమవుతుంది.

సభ అయ్యాక కోట్లు తగిలించే చోట వికెంతీ పావ్లొవిచ్ నా కోటు పట్టుకుని నిలబడ్డాడు, ఎప్పట్లాగే. తొడిగాడు. "తమ్ముడి కొలువు పోతుందమ్మా. ముందు అతనికి కబురు పంపు" అన్నాడు. మనసులో ఏముందో నాకు తెలియదు. మర్నాటి నుంచి ఆఫీసుకు రావడం లేదు, గుండె నొప్పి అంటున్నారు.

ఇప్పుడు జరగబోయేది విను. అనుమతి ఇవ్వలేదు, కాదనలేదు, ఆపి ఉంచారు. ఈ వారంలోనే మాస్కో మనుషులు ఇద్దరు మీ కొండకు వస్తారు. నీళ్లు ఉన్నాయో లేవో చూస్తారు. నికనోర్ ఇల్యిచ్ వాళ్లకంటే ముందే అక్కడికి వచ్చేశాడు. ఈపాటికి సొరంగం గోడలకు సున్నం కొట్టించే ఉంటాడు, బాల్చీ మాయమయ్యే ఉంటుంది. కరిగిన మంచునీళ్లు కూడా ఎండిపోయే రోజులివి. అందుకని వాళ్లు గోడను కాదు, నిన్ను అడుగుతారు. మర్యాదగానే అడుగుతారు. ఏదో పండగపూట నాలుగు గుక్కలు పడ్డాక సరదాకి అన్న మాట కదా, మీ అక్కయ్యగారు కాస్త కంగారు మనిషి కదా అంటారు. జవాబు కూడా వాళ్లే నీ నోట్లో పెడతారు. నువ్వు తల ఊపితే చాలు.

నువ్వు తల ఊపితే ఇల్లు నీది, కొలువు నీది. నేను మతి చెడిన ముసలిదాన్ని అవుతాను, నన్ను పింఛనిచ్చి ఇంటికి పంపుతారు. దానికి నేను ఏడవను, పిన్నితో కలిసి మోకాళ్లకు మర్దనా చేసుకుంటాను. శరదృతువులో రైలు వస్తుంది. అవునండీ కారుతోంది అన్నావంటే మాత్రం ఇల్లు పోతుంది, కొలువు పోతుంది. ఆ ఊళ్లో గని తప్ప ఇంకో ఆధారం లేదు. సొరంగం మూసేస్తే నీతో తాగి తిరిగినవాళ్లే నీ మొహాన ఉమ్ముతారు. ఇవేవీ తెలియక నీ పేరు చెప్పలేదు, తెలిసే చెప్పాను.

నువ్వు అడిగిన ఒక్క మాటకు జవాబు ఇది: రాయి మంచిది కాదు. ఆ ఇల్లు మనకొద్దు. నువ్వు తవ్విన కాలవ ఏ వాలులోకి పోతోందో, ఆ వాలులో బావి ఎక్కడుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పటికే ఆ నీళ్లు వాడుతున్నారేమో అని రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నాను. ఇవాళ్టి నుంచి ఆ బావిలో చేద వెయ్యొద్దు. టీకి కూడా వద్దు, ఉల్లిమడికి కూడా వద్దు. ఆ ఉల్లి కోసుకుని తినొద్దు.

వాళ్లకు ఏం చెప్పాలో మాత్రం నేను చెప్పను. అడక్కుండా నీ పేరు వాడుకున్నాను, ఇంక నీ నోరు కూడా నాదే అంటే దేవుడు ఒప్పుకోడు. నువ్వు నీ కుటుంబం చూసుకుని కాదని చెప్పినా నువ్వు నా తమ్ముడివే. పిన్ని ముందు నిన్నొక్క మాట అననివ్వను.

ఒక్కటి మాత్రం అక్కగా ఆజ్ఞాపిస్తున్నాను. జోయా పేరు మీద కంచె లోపలికి, మన ఊళ్లోకి రావడానికి పాసు తీయించాను, ఈ కాగితాలతో పాటే ఉంది. సరుకు దించి రషీద్ ఎల్లుండి మళ్లీ ఇటే బయల్దేరతాడు. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొస్తానని మాటిచ్చాడు. పురుడు ఇక్కడే పోస్తాం. ఎందుకు, ఏమిటి అని ఆమె అడుగుతుంది, పిన్నికి ఒంట్లో బాగా లేదని చెప్పు, లేదా నిజమే చెప్పు, నీ ఇష్టం. మాస్కో మనుషులు వచ్చేలోగా జోయా బండి ఎక్కాలి. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి చూడు. ఆ తరువాత వెళ్లి వాళ్లకు నీ జవాబు చెప్పు. కడుపుతో ఉన్న పెళ్లాన్ని అక్కణ్ణించి పంపించేసి వచ్చిన మనిషి, ఇక్కడంతా పొడిగానే ఉందండీ అని ఎలా అంటాడో నేనూ చూస్తాను.

ఇట్లు,
నువ్వు తిట్టుకున్నా, దీవించినా
నీ తోడబుట్టిన అక్క
కపితొలీనా